మడక ఎత్తిన చోటు

నన్నెవరైనా ఒకసారి ‘సార్’ అంటే పలుకుతాను. వెంటనే ఇంకోసారి అంటే జేబు తడుముకుంటాను. ఆ రోజు ఫోన్లో మాట్లాడిన మనిషి మాటకు ముందొక సారు, మాటకు వెనకొక సారు పెట్టి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కూడా సారే అన్నాడు. చిక్కబళ్ళాపురంలో ఒక లా కాలేజీకి ప్రిన్సిపాలట. తమ కాలేజీలో మూట్ కోర్టు పోటీ పెడుతున్నారట. అంటే పిల్లలు నల్లకోట్లు తొడుక్కుని, లేని కేసును ఉన్నట్టుగా, లేని జడ్జీల ముందు వాదిస్తారన్నమాట. ఆ లేని జడ్జీల్లో నేనొకణ్ణి కావాలట.

జడ్జి! చింతామణి కోర్టులో నా నల్లకోటు వెలిసి వెలిసి వంకాయ రంగుకు తిరిగిందే గానీ, ఇంతవరకు నన్ను సొంత ఇంట్లో కూడా ఎవరూ తీర్పు అడిగిన పాపాన పోలేదు. సాంబారులో ఉప్పు సరిపోయిందా అని నా భార్య అడుగుతుంది. నేను నోరు తెరిచేలోపు సరిపోయిందని తానే తీర్పు చెప్పేస్తుంది. దాని మీద అప్పీలు లేదు.

“మిమ్మల్నా? జడ్జిగానా?” అంది ఆమె వంటింట్లోంచి. “ఇంగెవురూ దొరకలేదేమో. లేదంటే దాంట్లో ఏదో మెలిక ఉండాది. సూస్కోండి.”

మెలిక నాకు ఆ తర్వాతి మాటలోనే దొరికింది. పోటీ ఎవరి జ్ఞాపకార్థమని అడిగితే ప్రిన్సిపాల్ ఒక పేరు చెప్పాడు. నా చేతిలోని ఫోను ఉడకేసిన గడ్డలా వేడెక్కింది.

ఆ పేరుగల జడ్జిగారు పోయి కొన్నేళ్ళయింది. బాగేపల్లి తాలూకాలో మిట్టేమరి పక్కనున్న ఒక ఊరి రైతుబిడ్డ. బాగేపల్లి కోర్టులో లాయరుగా మొదలై, చాలా పెద్ద కుర్చీ దాకా ఎక్కిన మనిషి. ఆయన కోర్టులో ఫ్యాను కూడా చప్పుడు చేయకుండా తిరిగేదని మా లాయర్లం ఇప్పటికీ చెప్పుకుంటాం. అబద్ధం ఆడబోయిన సాక్షికి తుమ్ము వచ్చేదట. నేను ఒకే ఒక్కసారి ఆయన ముందు నిలబడ్డాను. కళ్ళద్దాల మీదుగా ఒక చూపు చూశారు. ఆ చూపుకు నా వాదన గొంతులోనే వాయిదా కోరుకుని కూర్చుండిపోయింది.

ఇంతవరకు గౌరవమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ మహానుభావుడి కొడుకు మీద బాగేపల్లి కోర్టులో నడుస్తున్న దావాలో లాయర్ని నేను. కొడుకు పక్కన కాదు, ఎదుటి పక్కన.

దావా వేసింది ఒక ముసలి రైతు. ఆయన మల్బరీ తోట జడ్జిగారి చేనుకు అవతల ఉంది. ఊరు ఇవతల ఉంది. తాతల కాలం నుంచీ ఆయన ఇంటివాళ్ళు జడ్జిగారి చేను మధ్యలో ఉన్న బాట వెంట పోయి ఆకు కోసుకుని, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి పట్టుపురుగులను సాకుతున్నారు. జడ్జిగారు పోయాక, బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చునే కొడుక్కి ఉన్నట్టుండి సేద్యం మీద ప్రేమ పుట్టింది. చేనంతా జామ మొక్కలు నాటి, చుట్టూ ఇనుప కంచె వేశాడు. మామూలు కంచె కాదు. దాంట్లోంచి గాలి కూడా అనుమతి అడిగి దూరాలి. బాట లోపల పడిపోయింది. ముసలాయన ఇప్పుడు గుట్ట చుట్టూ తిరిగి ఆకు తేవాలి. ఇల్లు చేరేసరికి ఆ ఆకు, చెల్లని నోటులాగా వడలిపోయి ఉంటుంది.

పట్టుపురుగుల సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. పురుగు పొర విడిచే ముందు మేత మాని నిద్రపోతుంది. దాన్ని మా పక్క జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక పురుగుకు వచ్చే ఆకలి ముందు పెళ్ళి భోజనానికి వచ్చిన మగపెళ్ళివారి ఆకలి దిగదుడుపే. నమిలే చప్పుడుకు ఇరుగుపొరుగువాళ్ళు వాన వచ్చిందనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. అప్పుడు వడలిన ఆకు పెడితే కొత్తల్లుడిలా మూతి తిప్పుకుంటుంది. మూతి తిప్పుకున్న పురుగు గూడు కట్టదు. “ఈ పంట గూడు కట్టకపోతే తోట పెరికేస్తా లాయరప్పా. బాట లేనోనికి తోట యాల?” అని ముసలాయన నా ఆఫీసులో కూర్చుని ఎన్నోసార్లు అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా కుర్చీ నాకే గుచ్చుకునేది.

అలాంటి కేసు చేతిలో పెట్టుకుని జడ్జిగారి పేరు మీద జరిగే పోటీకి పోవడమా? ముసలాయనకే ఫోన్ చేసి అడిగాను.

“పోవద్దు లాయరప్పా,” అన్నాడు వెంటనే. “శాలువా కప్పేది భుజాలకే. పిసికేది గొంతు.”

“ఒట్టి పోటీ పెద్దప్పా. పిల్లోళ్ళు ఆడుకునేది.”

“ఆడుకునేదానికి నిన్ను పిలిచేదేల? నువ్వేమన్నా ఆటగానివా?” మళ్ళీ తానే, “సరే, పో. నేనూ వస్తా,” అన్నాడు.

“నువ్వేల పెద్దప్పా?”

“యాడ కూచుంటావో, ఏం తింటావో, ఎవురితో నగుతావో సూడాల గదా.”

నా కక్షిదారుకు నా మీద ఉన్న నమ్మకం ఆ కొలతది.

పోటీనాడు ఆయన బాగేపల్లి బస్సులో, నేను చింతామణి బస్సులో చిక్కబళ్ళాపురం చేరాం. కాలేజీ గేటు మీద జడ్జిగారి ఫోటోతో బ్యానరు కట్టారు. అంత బ్యానరు నేను సినిమా విడుదలకు కూడా చూడలేదు. విప్పి పరిస్తే చింతామణి మార్కెట్లో టమోటాలన్నీ దాని మీద ఆరబోయొచ్చు. ఫోటోలో కూడా అదే చూపు, కళ్ళద్దాల మీదుగా. నాకు తెలియకుండానే కోటు కింది గుండీ పెట్టుకున్నాను.

ఆ బ్యానరు కింద నుంచి జడ్జిగారి కొడుకు చేతులు చాపుకుంటూ వచ్చాడు. బాగేపల్లి కోర్టు వరండాలో నన్ను చూస్తే, కారుతున్న కొళాయిని చూసినట్టు చూసే మనిషి. ఆ రోజు ఆ ముఖం మీద నవ్వు చెవులు దాటి వీపు మీదికి పోయింది.

“రండి సార్, రండి. మీరొచ్చిందే మా నాన్నకు పెద్ద గౌరవం.”

అని నా భుజాల మీద ఒక శాలువా కప్పాడు. లారీ మీద టార్పాలిన్ కప్పినట్టుంది. దాని జరీ అంచు బరువుకు నేను అంగుళం కుంగాను. వెనక్కి తిరిగి చూస్తే గేటు దగ్గర భుజాన తువ్వాలుతో మా ముసలాయన. నా గొంతు వైపే చూస్తున్నాడు.

తర్వాత టిఫిను. ఉప్మాలో రవ్వ కన్నా జీడిపప్పు ఎక్కువుంది. లోకంలో కారణం లేకుండా ఎవరూ ఉప్మాలో అంత జీడిపప్పు వేయరు. ఒక్కొక్క పలుకు కొరుకుతుంటే ఒక్కొక్క అనుమానం కరకరలాడింది.

ఆఖరికి ప్రిన్సిపాల్ జడ్జీలకని కేసు కాగితం తెచ్చి ఇచ్చాడు. పిల్లలకు ముందే ఇచ్చారట, మాకు ఆ పూటే. చదివాను. ఒకానొక ఊరిలో ఒకానొక కొబ్బరి తోట. దాని వెనక ఒకానొక రైతు పచ్చిక మడి. మధ్యలో ఒక బాట ఉండేదని రైతు మాట. ఆ బాట వెంటే ఆవుకు మేత తెచ్చుకునేవాణ్ణంటాడు. తోట యజమాని కంచె వేశాడు. రైతుకు దారి హక్కు ఉందా, లేదా?

నా కేసే! జామకు బదులు కొబ్బరి, పురుగుకు బదులు ఆవు. అంతే తేడా. నా కేసుకు మారువేషం వేసి నా ఒళ్ళోనే కూర్చోబెట్టారు.

“సార్, ఇది నా చేతిలో నడుస్తాండే కేసు,” అన్నాను ప్రిన్సిపాల్‌తో, గుసగుసగా. “నేను కూచోకూడదు.”

ఆయన కన్నడంలో నవ్వి, కాగితం అడుగున ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఈ కేసులోని మనుషులు, స్థలాలు, ఆవు, అన్నీ కల్పితమని అందులో ఉంది. “ఆవుతో సహా కల్పితం సార్,” అన్నాడు. అంత బల్లగుద్ది చెప్పారంటే ఆ ఆవు యాడో గడ్డి మేస్తా ఉండి తీరాలి. పైగా మూడో జడ్జి లేకపోతే పోటీ ఆగిపోతుందని బతిమాలాడు. పిల్లలు ఊళ్ళూళ్ళ నుంచి వచ్చి కోట్లలో ఉడుకుతున్నారు. కూర్చున్నాను.

కూర్చున్నాక పన్నాగమంతా అద్దంలో చూసినట్టు కనిపించింది. ఎంత తెలివి! జిల్లాలోని లేత బుర్రలన్నీ ఒక్కచోట పోగేసి, నా కేసులో ఎక్కడెక్కడ బొక్కలున్నాయో వెతికించడం. ఏ బొక్క పెద్దదో నా చేతనే మార్కులు వేయించడం. ఆ బొక్కలన్నీ మూటగట్టుకుని మళ్ళీ వాయిదాకు బాగేపల్లిలో నా మీద పోయడం. కౌరవులకు ఈ ఉపాయం తట్టి ఉంటే జూదం జోలికి పోయేవాళ్ళే కాదు.

సరే, నేనేమన్నా తక్కువ తిన్నానా? పనికొచ్చే ప్రశ్న ఒక్కటీ అడగకూడదని తీర్మానించుకున్నాను.

బల్ల వెనక మా ముగ్గురిలో నడిమి కుర్చీలో రిటైరైన ఒక సర్కారీ లాయరు. వాదన మొదలవగానే కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళిపోయారు. గురక కూడా శ్రుతిలోనే ఉంది. అటు చివర బెంగళూరు నుంచి వచ్చిన లాయరమ్మ. ఆమె చేతి పెన్సిలుకు ఎంత పదునో, ప్రశ్నకూ అంత పదును. ముందు వరసలో జడ్జిగారి భార్య. పిడికెడంత మనిషి, మందపాటి కళ్ళద్దాలు, ఒళ్ళో ఒక స్టీలు క్యారియరు. గెలిచినవాళ్ళకు కప్పు ఆమె చేతుల మీదుగానే. పక్కన కొడుకు. అందరికన్నా వెనక, తలుపు పక్కన, తువ్వాలుతో సహా మా ముసలాయన.

ఆఖరి రౌండుకు ఇద్దరు మిగిలారు. రైతు తరఫున బాగేపల్లి పక్క పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి. తోట యజమాని తరఫున ఒక అబ్బాయి. వాడి కోటు ఇస్త్రీ ఎలాంటిదంటే ఈగ వాలితే జారిపడి నడుము విరగ్గొట్టుకోవాల్సిందే.

అమ్మాయి ఇంగ్లీషులో చక్కగా మొదలుపెట్టింది. నేను మొదటి దెబ్బ వేశాను.

“ఆ ఆవు ఏ రంగు?”

అమ్మాయి కాగితాలు తిరగేసింది. “కేసులో ఆవు రంగు చెప్పలేదు సార్,” అంది.

“పాలెన్ని ఇస్తుంది?”

లాయరమ్మ పెన్సిలు ఆపి నా వైపు తిరిగింది. తలుపు దగ్గర మా ముసలాయన తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. నా వ్యూహం బ్రహ్మాండంగా పనిచేస్తోందని నాకు అర్థమైంది.

అబ్బాయి లేచాడు. అక్కడ బాటే లేదన్నాడు. అది మామూలే, బాగేపల్లిలో వాళ్ళ లాయరూ ఆ పాటే పాడుతున్నాడు. తర్వాత వాడు గొంతు తగ్గించి, “ఉందనే అనుకుందాం,” అన్నాడు. నా వీపు నిటారైంది. “ఉంటే అది యజమాని దయ. పక్క మనిషి గదా, పోనీలే అని నడవనిచ్చాడు. దయతో నడిచినవాడు ఎన్నేళ్ళు నడిచినా అది హక్కు కాదు. నిన్న దయ చూపినవాడు నేడు మానుకోవచ్చు.”

నేను రాత్రుళ్ళు కలవరించే వాదన అదే! ఎదుటి లాయరుకు ఎప్పుడు తడుతుందా అని నేను దడుస్తూ కూర్చున్నది దానికే. ఇంకా మీసాలు సరిగా రాని పిల్లవాడు దాన్ని పళ్ళెంలో పెట్టి అందించాడు. ముందు వరసలో కొడుకు కుర్చీ అంచుకు జరిగి వింటున్నాడు. శాలువా కింద నాకు చెమట కాలవలు కట్టింది.

అప్పుడు అమ్మాయి లేచింది. ఆవేశంలో ఇంగ్లీషు జారింది, కన్నడం వచ్చింది. కన్నడమూ జారి తెలుగు వచ్చింది. కన్నడనాట తెలుగు పల్లెల మధ్యనున్న మా కోర్టుల్లో ఇది మామూలే. కాగితానికి కన్నడం, కొట్లాటకు తెలుగు.

“దయ కాదు సార్! మా పక్క దారి వచ్చినచోట మడక ఎత్తుతారు!”

“మడక ఎత్తడమంటే?” అంది లాయరమ్మ.

“మడకంటే నాగలి మేడం. చేను దున్నేటప్పుడు నడిచే బాట అడ్డమొస్తే, చేను తనదే అయినా, ఆ బాట మీద దున్నరు. ఎద్దుల్ని ఆపి, మడక పైకెత్తి బాట దాటించి, అవతల దింపి మళ్ళీ దున్నుతారు. బాటకు గీత కూడా పడదు. అది తనది కాదని దున్నేవాడే ఒప్పుకున్నట్టు.”

అబ్బాయి చటుక్కున లేచాడు. “ఈ కేసులో మడక అన్న మాటే లేదు. ఎత్తారనేదానికి సాక్ష్యం ఎక్కడ?”

“నేనుండా గదా నాయనా,” అంది ముందు వరసలోంచి ఒక గొంతు.

జడ్జిగారి భార్య లేచి నిలబడింది. లేచినా కూర్చున్నంతే ఉంది గానీ, హాలంతా ఆమె వైపు తిరిగింది.

“మా మామ ఎత్తించేటోడు. మామ పోయినంక మా ఆయప్ప ఎత్తించినాడు. ట్రాక్టరు వచ్చినంక ఒక తూరి డ్రైవరు మర్చిపోతే, మా ఆయప్ప కోర్టుకు లీవు పెట్టి వచ్చి, గట్టు మీద నిలబడి, దున్నిన బాటను మనుషులతో తొక్కించినాడు. అంత జడ్జి! ప్యాంటు మడుచుకోని తానూ తొక్కినాడు.”

కొడుకు ఆమె కొంగు లాగాడు. “అమ్మా! కూచో అమ్మా. ఇది నాటకం. నిజం కోర్టు కాదు.”

“నాటకంలో నిజం చెప్పకూడదని యాడన్నా రాసిండారా?”

అబ్బాయిని మెచ్చుకోవాలి. అంత గోలలోనూ కోటు సర్దుకుని, వినయంగా వంగి, “అది కూడా వాళ్ళ దయే కదమ్మా?” అన్నాడు.

“దయేందప్పా!” అందామె. “దయ అయితే ఒక ఏడు ఎత్తుతారు, ఒక ఏడు మర్చిపోతారు. మా మామకు దయ శానా తక్కువ. కోడలి కాపీలో చక్కెర వేసేదానికే ఆయప్పకు చెయ్యి వచ్చేది కాదు. అట్లాంటోడు ఎద్దుల్ని నిలబెట్టి మడక ఎత్తించినాడంటే, ఆ బాట వాళ్ళది కాబట్టి ఎత్తించినాడు.”

హాలు చప్పట్లతో అదిరింది. పైకప్పు రేకులు లేచి గౌరిబిదనూరులో పడ్డాయేమో అనుకున్నాను. వెనక తలుపు దగ్గర మా ముసలాయన రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. “అదే గదమ్మా నేను చెప్తాండేది,” అంటున్నాడు, ఎవరికీ వినబడకుండా. ఆ చప్పట్లకు నడిమి కుర్చీలో ధ్యానం చెదిరింది. రిటైరైన లాయరుగారు కళ్ళు తెరిచి, బల్ల గుద్ది, “వాయిదా!” అన్నారు.

గెలిచింది అబ్బాయి. అవును, తోట యజమాని తరఫు అబ్బాయే. కేసులో లేని సాక్షి చెప్పింది లెక్కలోకి రాదని, సునామీ వచ్చినా కోటు నలగకుండా నిలబడ్డాడని లాయరమ్మ తేల్చింది. నేనూ వాడికే ఎక్కువ మార్కులు వేశాను. నన్ను అంతగా భయపెట్టినవాడికి వేయకుండా ఎలా? కప్పు ఇస్తూ జడ్జిగారి భార్య వాడి చెంప నిమిరింది. “బాగా దబాయించినావప్పా. పెద్ద లాయరువి అయితావు.”

భోజనాల దగ్గర నేను ఓళిగలో, అదే బొబ్బట్టులో, సగం నోట్లో పెట్టుకున్నానో లేదో, కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. పొద్దుటి నవ్వు లేదు.

“ఏం సార్, బాగానే పెట్టించినారు.”

నోరు నిండా ఓళిగ. కనుబొమలతోనే ఏమిటని అడిగాను.

“ఈ కేసు. ప్రిన్సిపాల్ మీకు తెలిసినాయనేమో గదా? మీ కేసు మా నాన్న పేరు మీదనే పిల్లలతో వాదించి, మా అమ్మతోనే సాక్ష్యం చెప్పించుకుంటిరి. పొద్దున ఆ కాగితం చూసినప్పట్నుంచి నాకు అనుమానమే. అందుకే అంత పెద్ద శాలువా కప్పినా. ఏం చేస్తారో సూస్తామని.”

ఓళిగ మింగేశాను. “నేనా? మీరు పెట్టించినారని గదా నేను ఉప్మా కాడ్నుంచి కాసుకోని కూచునుండేది!”

ఒకే ఇంటికి చెరొక కిటికీలోంచి దూరి, నడింట్లో ఎదురుపడిన దొంగల్లా ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్‌ని గోడకు ఆనించాం. ఆయన సాంబారు గిన్నెను కవచంలా అడ్డం పెట్టుకున్నాడు. “కథ అమ్మగారే చెప్పారు సార్. జడ్జిగారికి మనసుకు దగ్గరైన సంగతేదైనా చెప్పమ్మా, దాని మీద కేసు తయారు చేస్తామంటే, బాటది చెప్పారు. కొబ్బరి, ఆవు మాత్రం మావి.” తర్వాత నా వైపు తిరిగాడు. “మిమ్మల్ని పిలవమన్నది కూడా అమ్మగారే.”

ఇద్దరం ఆమె కోసం వెతికాం. హాలు మూలన మా ముసలాయన ముందు కూర్చుని, స్టీలు క్యారియరు విప్పి, ఆయన ఆకులో ఓళిగ వడ్డిస్తోంది.

“పురుగులు ఏ జ్వరంలో ఉండాయి?” అని అడుగుతోంది.

“నాలుగోది లేచినాయమ్మా. ఇంట్లో ఆడమనిషి ఒకతే ఉండాది. నేను పొద్దు మునిగేలోపల పోయి ఆకు కోయాల.”

“గుట్ట చుట్టేనా?”

“ఇంగ యాడమ్మా.”

ఆమె వడ్డన ఆపింది. తలెత్తి, కళ్ళద్దాల మీదుగా కొడుకు వైపు చూసింది. నా చెయ్యి నా కోటు కింది గుండీ మీదికి దానంతట అదే పోయింది. ఆ చూపు జడ్జిగారిదని ఇన్నాళ్ళూ మేమంతా అనుకున్నాం. ఆయన దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ రోజు తెలిసింది.

తర్వాత ఎవరు ఎవరితో ఏమన్నారో తెలియదు గానీ, నలుగురం కారులో ఉన్నాం. కొడుకు నడుపుతున్నాడు, పక్కన తల్లి, వెనక నేనూ ముసలాయనా. కారు బాగేపల్లి హైవే ఎక్కింది. ముసలాయన నా చెవిలో, “ఏసీ కూడా వేసినారు. ఏదో ఉండాది,” అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

చేను దగ్గర దిగాం. కొడుకు కంచె దగ్గరికి పోయి, రెండు రాతి స్తంభాల మధ్య ఇనుప జాలీని కట్టిన తీగలు విప్పాడు. అవతల చివరకు నడిచిపోయి అక్కడా విప్పి వచ్చాడు. చేతులు గీసుకుపోయాయి. “పో పెద్దప్పా,” అన్నాడు.

ముసలాయన కదలలేదు.

“ఆకు కోయాలంటివి గదా, పో.”

“పోను.”

“యాల?”

“ఆ కప్పు గెలిచిన పిల్లోడు ఏమన్యాడు? దయతో ఇడిస్తే హక్కు రాదన్యాడు గదా. ఈపొద్దు నువ్వు దయతో ఇడుస్తావు, నేను తల ఊపుకుంటా పోతా. రేపు కోర్టులో మేమే దయతో ఇడిస్తిమి అంటావు. వానికి అంత పెద్ద కప్పు ఊరికే ఇచ్చినారా?”

నా గుండె గర్వంతో శాలువాను పైకి లేపింది. దయకూ హక్కుకూ ఉన్న తేడా నా ఆఫీసులో ఎన్ని నెలలు చెప్పినా ఈయనకు ఎక్కలేదు. ఒక్క పూట పోటీ చూసి, నా కన్నా బాగా ఒంటబట్టించుకున్నాడు. గర్వం దిగిపోయాక భయం వేసింది. ఆయన అన్నది నిజమే. కంచె తెరిచి ఉంది, ఇంట్లో పురుగులు ఆకలితో తలలెత్తి ఉన్నాయి, పొద్దు గుట్ట మీదికి వాలుతోంది, మనిషి మాత్రం అడుగు వేయడు. చట్టం తెలిసిన నేను వాళ్ళిద్దరి మధ్యా శాలువా సర్దుకుంటూ నిలబడ్డాను.

“ఇంగేం చేయాల నేను?” అన్నాడు కొడుకు, ఏడుపు గొంతుతో.

“మీ నాయన ఏం చేసేటోడో అది చెయ్యి,” అంది తల్లి.

షెడ్డు ముందు ట్రాక్టరు నిలబడి ఉంది, వెనక మడక తగిలించుకుని. కొడుకు ఎక్కాడు. వాడికి సేద్యం మీదున్న ప్రేమ ట్రాక్టరుకు ఇంకా తెలిసినట్టు లేదు. అది తాగినవాడిలా జామ మొక్కల వరసల మధ్య అటూ ఇటూ తూలుతూ, ఎర్రమట్టిని ఆకాశానికి చిమ్ముతూ వచ్చింది. అప్పుడు చూశాను. వరసలన్నీ ఒకచోట తెగి ఉన్నాయి. గుంతలు తీసిన కూలివాళ్ళు ఆ అడ్డగీతలో మాత్రం ఒక్క గుంతా తీయలేదు. వాళ్ళు ఆ ఊరివాళ్ళు. బాట వాళ్ళ కాళ్ళకు తెలుసు.

ట్రాక్టరు బాట దాకా వచ్చేసింది.

“ఎత్తు!” అని అరిచింది తల్లి. ఆ పిడికెడు మనిషిలో అంత గొంతుందని ఎవరూ అనుకోరు. “ఎత్తురా!”

కొడుకు కంగారులో హారను కొట్టాడు. తర్వాత లైటు వేశాడు. ఆఖరికి ఏదో లివరు లాగాడు. మడక కిరకిరమంటూ, మట్టి రాలుస్తూ పైకి లేచింది. ట్రాక్టరు బాట దాటింది. అవతల మడక దిగి మళ్ళీ నేలను కరిచింది.

వెనక ఇటొక ఎర్రటి దున్నిన పట్టె, అటొకటి. మధ్యలో గరికతో, గట్టిపడిన నేలతో, గీతైనా పడని బాట.

ముసలాయన తువ్వాలు తలకు చుట్టుకుని బాట మీద అడుగు పెట్టాడు. ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరికీ మేలని చెప్పలేదు. తన బాట మీద తాను పోతున్నవాడు ఎందుకు చెప్తాడు? సగం దూరం పోయాక మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఎక్కడైనా మడక దింపుతారేమోనని ట్రాక్టరు వైపు అనుమానంగా చూశాడు. దింపరని నమ్మకం కుదిరాక తోటలోకి వెళ్ళాడు.

తర్వాతి వాయిదాలో బాగేపల్లి కోర్టులో రాజీ అయింది. బాట ఆయనది, చేను వీళ్ళది. నా చేతిలో ఉన్న ఒకే ఒక మంచి కేసు అలా పోయింది.

పోటీనాటి సాయంత్రం, చేను నుంచి నన్ను బస్టాండులో దింపడానికి వస్తున్నప్పుడు, నేను ముందు సీటు వైపు వంగాను. ఆగలేకపోయాను.

“అమ్మా, ఒక మాట. జామ తోటలో ఈ కాలంలో దుక్కి లేదు. డ్రైవరు లేడు. మరి ట్రాక్టరుకు మడక తగిలించి, డీజిలు పోసి, తాళం చెవి దానికే పెట్టి, సరిగ్గా ఆ షెడ్డు ముందర ఎవురు నిలబెట్టినారు?”

ఆమె వెనక్కి తిరగలేదు. ఒళ్ళో క్యారియరు మూత బిగించుకుంది.

“ఓళిగలు తిన్యావా అప్పా? నెయ్యి వేసుకోని తిన్యావా, ఒట్టిదేనా?”

“నెయ్యి వేసుకోనే తిన్యానమ్మా.”

“మంచిది,” అని కళ్ళు మూసుకుంది.